రెండు ర్యాంకు కార్డులూ, మా ఆయన తువ్వాలూ

గుమ్మం దగ్గరే నిలబడితే ఎట్లా? లోపలికి వచ్చి ఈ చాప మీద కూర్చోండి. ఇంకొంచెం ఇటు జరగండి, నా గొంతు ఈమధ్య దూరం పోవడం లేదు. చేతిలో పనేదైనా ఉంటే పక్కన పెట్టకండి, చేసుకుంటూనే వినండి. మా పాపకు కాలేజీ సీటు కోసం మేమంతా కలిసి పడిన పాట్లు చెబుతాను.

మాది సోమందేపల్లె దగ్గర, పెద్ద రోడ్డుకు కొంచెం లోపలగా ఉండే పల్లె. వేసిన శెనక్కాయ వేసినట్టే ఎండిపోతూ ఉంటే విసుగొచ్చి మా ఆయన గొర్రెల వ్యాపారంలోకి దిగాడు. ఆ వ్యాపారంలో పొత్తుదారు పక్క వీధి భాయ్. ఇద్దరూ కలిసి సంతల్లో పొట్టేళ్లు కొని, మేపి, బెంగుళూరు వాళ్లకు అమ్మేవాళ్లు. భాయ్ మా ఇంట్లో మనిషే. మా పాప ఆయన్ను మామా అనే పిలిచేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో పాప ఇంటర్ ముగించింది. ఆ ఎండాకాలం రెండు పరీక్షలు రాసింది. ఒకటి మన రాష్ట్రం పిల్లలకు పెట్టే ఎంసెట్. ఇంకొకటి దేశంలోని పిల్లలందరికీ కలిపి పెట్టేది. రెండింటికీ రెండు ర్యాంకు కార్డులు వచ్చాయి. రాష్ట్రం కార్డులో తొమ్మిది వేల చిల్లర. దేశం కార్డులో ముప్పై వేల చిల్లర. ర్యాంకు అనేది ఎంత చిన్నదైతే అంత గొప్పదని నాకు అప్పుడే తెలిసింది. నేను చదివిన మూడో తరగతిలో ఎక్కువ తెచ్చుకున్నవాళ్లనే మెచ్చుకునేవాళ్లు.

మా అత్తకైతే ఆ సంగతి ఎంత చెప్పినా ఎక్కలేదు. దేశం కార్డు చూసి ఉప్పూ మిరపకాయలూ తెచ్చి పాపకు దిష్టి తీసింది.

"ముప్పై వేలా! మన వంశంలో ఎవురు తెచ్చినారే అన్ని?"

"జేజీ, అది ఎక్కువుంటే మంచిది కాదు. తక్కువుండాల."

"తక్కువుండేది యాడన్నా మంచిదా? చదివి చదివి నీకు మతి పోయిండాది," అని ఇంకో మిరపకాయ ఎక్కువ వేసింది.

పాప మనసు ఒక కాలేజీ మీద ఉంది. మన రాష్ట్రం సరిహద్దు దాటాక బెంగుళూరు పోయే దారిలో ఉండే ఇంజనీరింగ్ కాలేజీ అది. బస్సులో ఎప్పుడు ఆ దారిన పోయినా కిటికీలోంచి తల బయటపెట్టి, ఆ గేటు వెనక్కి పోయేదాకా చూసేది. ఆ కాలేజీలో మన ఆంధ్రా పిల్లల కోసం కొన్ని ఫీజు లేని సీట్లు ఉండేవి. వాటి కోసం ఎక్కడెక్కడి పిల్లలో ఎగబడేవాళ్లు. మా ఆయన ముందే ఖరాఖండిగా చెప్పేశాడు.

"ఫీజు లేని సీటొస్తే పంపిస్తా. రాకుంటే ఈడే పెనుకొండలో డిగ్రీ. దానికి నువ్వు ఏడ్సకూడదు."

ఏడవనని పాప ఒప్పుకుంది. ఒప్పుకుని, దొడ్లోకి పోయి ఏడ్చింది.

చిక్కంతా ఎక్కడ వచ్చిందంటే, ఆ కాలేజీ వాళ్లు రెండు కార్డుల్లో ఏదో ఒక్కటే ఇవ్వమన్నారు. ఒకసారి ఇచ్చాక మార్చుకోవడానికి వీల్లేదు. సీటు వచ్చేదీ పోయేదీ ఆ ఒక్క కార్డు మీదే.

మా ఆయనకు ఆ షరతు నచ్చలేదు. గొర్రెల బేరంలో ఏరుకుంటే ఒక ధర, మంచీ చెడ్డా కలిపి గుత్తగా తోలుకుపోతే ఒక ధర.

"రెండు కార్డులూ గుత్తగా పంపు," అన్నాడు.

"నాయనా, ఒక్కటే పంపాలని రాసినారు."

"రాస్తారు. సంతలో కూడా మొదట అట్లే అంటారు. తర్వాత దారికొస్తారు."

"వాళ్లు దారికి రారు నాయనా. రెండు పంపితే రెండూ చించి పారేస్తారు."

సాయంత్రం భాయ్ వచ్చాడు. రెండు కార్డులనూ రెండు చేతుల్లో పెట్టుకుని, బరువు తూచినట్టు పైకీ కిందికీ ఆడించాడు.

"చిన్న నెంబరు పంపు తల్లీ. సూడ్డానికి బాగుంటాది."

"కానీ మామా, ఆ రెండో పరీక్ష శానా మంది రాసినారు. అంతమందిలో ముప్పై వేలంటే, మన రాష్ట్రంలో తొమ్మిది వేల కంటే అదే మేలు."

భాయ్ కాసేపు గడ్డం నిమురుకున్నాడు. "అంటే చిన్న సంతలో తొమ్మిదో పొట్టేలు. పెద్ద సంతలో ముప్పయ్యోది."

"అదే మామా."

"అయితే పెద్ద సంతదే పంపు."

"కానీ ఆ కాలేజీవోళ్లు అట్ల సూస్తారో, ఉత్త నెంబరే సూస్తారో తెలీదు కదా?"

"అయితే చిన్నదే పంపు."

అన్ని సాయంత్రాలూ ఇట్లాగే గడిచేవి. భాయ్ ఏ మాట విన్నా ఒప్పుకునేవాడు. అంత మంచివాడు. మా ఆయన ఏ మాట విన్నా ఒప్పుకునేవాడు కాదు. పాప వాళ్లిద్దరి మధ్యా కూర్చుని గోళ్లు కొరుక్కునేది. నన్నెవరూ అడగలేదు గానీ నేనే ఉండబట్టలేక ఒకరోజు అన్నాను.

"దేవుని ముందర సీటీలేద్దాం. ఏదొస్తే అది పంపుదాం."

రెండు చీటీలు మడిచి పటం ముందు వేశాం. మా అత్త కళ్లు మూసుకుని ఒకటి తీసింది. రాష్ట్రం కార్డు వచ్చింది. పాప ముఖం వాడిపోయింది. సరే పోనీ, ఇంకోసారి వేద్దామన్నాను. ఈసారి దేశం కార్డు వచ్చింది. అప్పుడూ పాప ముఖం వాడిపోయింది. మూడోసారి చీటీలు మడుస్తూ ఉంటే మా అత్తకు కోపం వచ్చింది.

"దేవునికి మీరు తప్ప ఇంకెవురూ లేరనుకున్నారా? లేయండి ఈడ్నుంచి," అని పటం ముందు నుంచి అందరినీ లేపేసింది.

అప్పుడు మా ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. "కొనేవాని మొగం సూడకుండా సరుకు పంపేది యాడన్నా ఉండాదా? పోయి వాన్నే అడుగుదాం. ఏది కావాల్నో వానికే తెలుసు."

నాకు ఆ మాట బాగానే తోచింది. ఆయన ఎట్లా అడుగుతాడో అప్పుడు ఆలోచించలేదు.

ఎప్పుడైనా గొర్రెల సంతలోకి పోయి చూడండి, ఎవరూ ధర పైకి చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి, మీద తువ్వాలు కప్పుకుంటారు. లోపల వేళ్లు పట్టుకుని నొక్కుతూ బేరం చేస్తారు. ఫలానా వేలు పట్టుకుంటే ఇంత, రెండు వేళ్లు కలిపి పట్టుకుంటే ఇంత. పైకి మాత్రం వానల సంగతీ, పిల్లల సంగతీ మాట్లాడుకుంటూ ఉంటారు. పక్కన నిలబడినవాడికి కూడా ధర తెలియదు. బేరం కుదిరేదాకా, లేదా తెగేదాకా చెయ్యి వెనక్కి తీసుకోకూడదు. తీసుకుంటే ఎదుటివాడిని అవమానించినట్టు. మా ఆయన పెళ్లికి పోయినా, చావుకు పోయినా భుజం మీద ఆ తువ్వాలు ఉండాల్సిందే.

పొద్దున్నే బస్సెక్కి నలుగురం పోయాం. మా ఆయన, భాయ్, పాప, నేను. భాయ్ ఎందుకంటే, పొత్తు బేరానికి ఒక్కడే పోయే అలవాటు మా ఆయనకు లేదు. నేనెందుకంటే, పాప నన్ను రమ్మంది. "నాయన ఏమన్నా మాట్లాడితే నువ్వు ఆపల్ల మా," అని.

కాలేజీ ఆఫీసులో మన వైపు వాళ్లకని వేరే కిటికీ పెట్టారు. దాని ముందు పెద్ద వరుస. అందరూ పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులే. కిటికీ వెనక కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. కన్నడం కలిపి మన మాట మాట్లాడేవాడు. చాలా ఓపికగల మనిషి. ఆ ఓపిక ఎంతదాకా ఉంటుందో మా వంతు వచ్చాక తెలిసింది.

"సార్, మా పాపకు రెండు కార్డులుండాయి. ఏదిస్తే సీటొస్తాది?" అని మా ఆయన అడిగాడు.

"అది నేను చెప్పకూడదు యజమానరే. మీకు ఏది బేకో అదే కొడి," అన్నాడాయన. బేకు అంటే కావాలి, కొడి అంటే ఇవ్వండి.

చెప్పకూడదు అన్న మాట విని మా ఆయన ముఖం విప్పారింది. నిజమే కదా, ఇంతమందిలో ఏ దళారి మాత్రం పైకి చెబుతాడు! భాయ్‌కేసి చూశాడు. భాయ్ తల ఊపాడు. ఆ చూపులూ ఆ ఊపులూ నాకు సంతల్లో అలవాటే. ఆపుదామని నేను నోరు తెరిచేలోగానే కిటికీ వెనకాయన కార్డు తీసుకోవడానికి చెయ్యి బయటికి చాపాడు. మా ఆయన ఆ చెయ్యి పట్టుకుని తువ్వాలు కప్పేశాడు.

"సూపుడేలు మన రాష్ట్రం కార్డు. నడిమేలు దేశం కార్డు. ఏది బాగుంటే ఆ ఏలు పట్టు సార్. నోరు తెరిసే పన్లేదు. నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలీదు," అని మెల్లగా చెప్పి, పైకి గట్టిగా, "ఏం సార్, మీ పక్క వానలు పడినాయా?" అని అడిగాడు.

ఆ పెద్దమనిషి ముఖం సున్నం కొట్టినట్టయింది.

"ఏనప్పా ఇది! దుడ్డు కొడ్తావా నాకు? లంచమా?"

"దుడ్లు యాడివి సార్, ఉత్త ఏళ్లే."

"బిడు! చెయ్యి బిడు!"

భాయ్ మా ఆయన భుజం మీది నుంచి లోపలికి వంగి సర్దిచెప్పబోయాడు. "గుంజద్దు సార్. బేరం తెగకముందే చెయ్యి గుంజితే మర్యాద గాదు. నిమ్మళంగా పట్టు, తొందరేమీ లేదు."

వరుసలో కలకలం రేగింది. "తువ్వాల లోపల ఎంత పెట్టినాడో," అని ఒకాయన అన్నాడు. "మనమూ ఏమన్నా పెట్టల్లేమో అడుగయ్యా," అని ఆయన భార్య మోచేత్తో పొడిచింది. ఇంకొకాయన అప్పుడే తన తువ్వాలు తీసి దులపడం మొదలుపెట్టాడు.

"నాయనా, చెయ్యి వదులు!" అంది పాప.

"ఆయప్ప ఇంకా ఏలు పట్టలేదు పాపా."

"పట్టడు! వదులు నాయనా!"

ఈలోగా వాచ్‌మన్ వచ్చి తువ్వాలు పట్టుకుని లాగేశాడు. అక్కడ డబ్బూ లేదు, ఏమీ లేదు. ఒక చేతిలో ఇంకో చెయ్యి ఉంది, అంతే. కళ్లజోడు ఆయన తన చేతిని ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. మా ఆయనను చూశాడు. అవమానం జరిగింది తనకే అన్నట్టు నిలబడి ఉన్నాడు మా ఆయన. అప్పుడు ఆ పెద్దమనిషికి నవ్వు మొదలైంది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ నవ్వాడు. వాచ్‌మన్‌ను పొమ్మని సైగ చేశాడు.

"కురి వ్యాపారవా?" అని అడిగాడు. కురి అంటే కన్నడంలో గొర్రె.

"అవ్ సార్," అన్నాడు మా ఆయన బిగదీసుకుని.

పాప మాత్రం నవ్వలేదు. దాని ముఖం చూస్తే నాకే భయం వేసింది. చెవులదాకా ఎర్రబడింది. ఇంక ఏడుస్తుంది, బస్టాండుకు పరిగెడుతుంది అనుకున్నాను. అది రెండు కార్డులూ నాన్న చేతిలోంచి తీసుకుని కిటికీ దగ్గరికి జరిగింది.

"సార్, ఏది మంచిదని నేనడగను. ఒకటే చెప్పండి. రెండు కార్డులోళ్లనూ కలిపి ఒకే వరస పెడతారా, ఏ కార్డుకు ఆ కార్డు వేరే వరసా?"

ఆయన నవ్వు ఆపి పాపను చూశాడు. "వేరే వేరే వరసమ్మా. ఉచిత సీట్లలో అర్ధ ఈ కార్డుకు, అర్ధ ఆ కార్డుకు. ఏ కార్డు కొడ్తారో ఆ కార్డు ఇచ్చినవాళ్లతోనే మీకు పోటీ. ఇది అడిగితే నేను అందరికీ చెప్తాను."

"కొంచెంసేపు ఆగి వచ్చి ఇస్తా సార్," అని పాప వరుసలోంచి బయటికి వచ్చింది.

సంతకు పోయినవాళ్లెవరూ పోగానే తమ గొర్రెలను చూపించరు. ముందు ఒక చుట్టు తిరిగి, మిగతావాళ్లు ఏం తెచ్చారో చూసుకుంటారు. ఆ అలవాటు పాపకు మేమెవరమూ నేర్పలేదు. గొర్రెల వాసన వస్తుందని తండ్రి పక్కన కూర్చుని అన్నం కూడా తినేది కాదు. అట్లాంటిది వరుస మొదటి నుంచి చివరిదాకా తీరిగ్గా నడుచుకుంటూ పోయింది. "యాడ్నుంచి అక్కా? కుందుర్పా? అమ్మో, శానా దూరమే. ఏ కార్డిస్తాండారు?" "ముదిగుబ్బా అన్నా మీది? మీ వోనికి రెండు కార్డులూ ఉండాయా? ఏదిస్తాడంట?" అని ఒక్కొక్కరినీ పలకరించింది. అచ్చం తండ్రే. నడకలో ఆ నిదానం, మాటల్లో ఆ తెలియనితనం! మా ఆయన నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు.

తిరిగి వచ్చి మాకు చెప్పింది. "అందరూ రాష్ట్రం కార్డే ఇస్తాండారు. రెండూ ఉండేవోళ్లు కూడా. దేశం కార్డు సంచి అడుగున పెట్టినారు. పెద్ద నెంబరు సూపిస్తే పరువు పోతాదంట. ఇంగ ఆ వరసలో పోటీ యాడుంది?"

"ఈడికొచ్చినోళ్ల సంగతి సరే," అన్నాడు మా ఆయన. "పోస్టులో పంపినోళ్లు కూడా ఉంటారు కదా?"

"ఉంటారు. వాళ్ల ఇండ్లల్లో కూడా చిన్న నెంబరు పంపమని చెప్పే మామలు ఉంటారు."

భాయ్ అది మెచ్చుకోలనుకుని సంతోషపడ్డాడు.

పాప మళ్లీ వరుస చివరన నిలబడింది. వంతు వచ్చినప్పుడు దేశం కార్డు ఇచ్చింది. కళ్లజోడు ఆయన "ఖచ్చితవా?" అని అడిగాడు. "అవ్ సార్," అంది. ఆయన దాని మీద ముద్ర కొట్టాడు. ఇంక మార్చేది లేదు.

తిరుగు బస్సు ఎక్కాం. ఎంతో దూరం వచ్చాక మా ఆయన, "ఆ తొమ్మిది వేలదే ఇచ్చిండాల్సింది," అన్నాడు. పాప ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. నేను ఆయన కాలు తొక్కాను.

తర్వాత వారాలు గడిచాయి. ఏ కబురూ లేదు. పెనుకొండ డిగ్రీ కాలేజీ అప్లికేషన్ కూడా ఇంట్లోకి వచ్చేసింది. పాప దాన్ని నింపి సంతకం దగ్గర ఆపేసింది. అన్నం దగ్గర కూర్చునేది గానీ తినేది కాదు. మా ఇంట్లో ఫోన్ లేదు. కాలేజీ వాళ్లకు భాయ్ ఇంటి నెంబరు ఇచ్చి వచ్చాం.

ఒక మధ్యాహ్నం నేనూ పాపా భాయ్ ఇంటికి పోయాం. మిరపకాయలు ఆరబోస్తున్నారంటే సాయానికి. భాయ్ భార్య మాటల మధ్యలో అంది.

"ఎవురో బెంగుళూరోడు వదినా, నిన్నట్నుంచి రెండుసార్లు ఫోన్ చేసినాడు. వస్తారా రారా, ఇప్పుడే చెప్పు అని ఒకటే తొందర."

పాప చేతిలోని చేట ఆగిపోయింది. "ఏమడిగినాడు అత్తా?"

"ఎవురికి తెలుసు? బెంగుళూరోడు ఏమడిగినా మొదటి మాటకు ఒప్పుకోవద్దని మీ మామ చెప్పినాడు. ఒప్పుకుంటే మనకే గరజు, మనకే అక్కర ఉండాదనుకుంటారంట. 'సూస్తాంలే, ఇంగా శానా మంది అడుగుతాండారు' అని పెట్టేసినా."

"రెండుసార్లూ అట్లే చెప్పినావా?"

"రెండోసారి ఇంగా గట్టిగా చెప్పినా. నీకు కావాల్నంటే ఈడికే రా అన్నా."

పాప లేచి ఫోన్ ముందు కూర్చుంది. కాలేజీకి తిరిగి చేద్దామంటే వాళ్ల నెంబరున్న కాగితం మా ఇంట్లో ఉంది. ఇంటికి పోదామంటే ఈలోగా మోగుతుందేమోనని భయం. నేను పరుగెత్తాను. కాగితం తీసుకుని, దారిలో దొరికిన మా ఆయననూ భాయ్‌నూ వెంటబెట్టుకుని, ఒగర్చుకుంటూ వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. భాయ్ భార్య అలవాటు కొద్దీ చెయ్యి చాపింది. పాప దాదాపు ఆమె మీద పడి ఫోన్ తీసింది.

"హలో సార్, నేనే సార్. వస్తా సార్, సేరతా సార్," అంది. అవతల ఏమన్నారో వినకముందే అంది.

"అయ్యో, మొదటి మాటకే ఒప్పుకునిందే!" అని భాయ్ భార్య బుగ్గలు నొక్కుకుంది.

మా ఆయన ఫోన్ దగ్గరికి వంగి, "హాస్టలు కూడా ఇస్తారేమో అడుగు," అని గుసగుసలాడాడు.

పాప చేత్తో ఆయనను తోసేసి, "సరే సార్, సరే సార్," అంటూ విని పెట్టేసింది. ఆ దేశం కార్డు వరుసలో ఉచిత సీట్లలో చివరిది దానికి వచ్చింది. ఇది మూడో ఫోన్. ఈసారి కూడా ఒప్పుకోకపోతే తర్వాతి పిల్లవాడిని పిలిచేవాళ్లట. అది చెప్పి, మిరపకాయల మధ్యలోనే కూర్చుని, సీటు రాకపోయినా ఏడవనన్న పిల్ల, వచ్చాక వెక్కి వెక్కి ఏడ్చింది. నన్ను చూసి, ఘాటుకు ఏడుస్తున్నానంది. అందరమూ అట్లాగే చెప్పుకున్నాం. మా ఆయన అయితే ఇంటి బయటికి పోయి మరీ కళ్లు తుడుచుకుని వచ్చాడు, అక్కడ మిరపకాయలు లేకపోయినా.

తర్వాతి సోమవారమే ట్రంకుపెట్టె బస్సు మీదికి ఎక్కించాం. అదీ సంగతి.

ఇంత ఓపికగా విన్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ బోరులో నీళ్లు తగ్గకూడదు, మీ దొడ్లో జీవాలకు రోగం రాకూడదు. మీ ఇంట్లో చదివే పిల్లలుంటే వాళ్లు కోరుకున్న గేటు వాళ్లకు తెరుచుకోవాలి. మీ మనుమలూ మనుమరాళ్లూ మీ చుట్టూ చేరి, మిమ్మల్ని చూసి కడుపారా నవ్వుకునేంత కాలం మీరు బతకాలి.